తెతెలెస్తై: రసీదు మాటా, ముగింపు మాటా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గుడ్ ఫ్రైడే ఆరాధనలో సిలువ మీద పలికిన ఏడు మాటలను ఏడుగురికి పంచారు. మీకు ఆరవ మాట వచ్చింది, యోహాను 19:30లోని "సమాప్తమైనది". సిద్ధపడుతూ ఇంటర్నెట్టులో ప్రసంగాలు విన్నారు. దాదాపు అన్నిటిలోనూ రెండు సంగతులు వినిపించాయి. మొదటిది: గ్రీకులో ఆ మాట తెతెలెస్తై, ఆనాటి వ్యాపారులు తీరిన అప్పుపత్రాల మీద ఇదే రాసేవారు, కాబట్టి దాని అసలు అర్థం "పూర్తిగా చెల్లించబడింది". రెండోది: అది పర్ఫెక్ట్ రూపం (పని పూర్తయి ఉన్న స్థితిని చెప్పే గ్రీకు క్రియారూపం) కాబట్టి "ఒక్కసారే జరిగి శాశ్వతంగా నిలిచేది" అని వ్యాకరణమే చెబుతోంది. ఇవి నిజమేనా, ఆ రూపాన్ని విడదీసి చూపగలరా అని అడిగారు. డిగ్రీలో సంస్కృతం చదివానని కూడా రాశారు. దానితో నా పని సగం తగ్గింది.

సూటిగా చెబుతాను. మొదటిది నిలవదు. రెండోది సగం నిజం. తెతెలెస్తై అంటే "ముగిసింది, నెరవేరింది, ఇప్పుడు నెరవేరి ఉంది". మీ చేతిలోని తెలుగు బైబిలు "సమాప్తమైనది" అన్నప్పుడు ఏమీ దాచలేదు, ఏమీ పోగొట్టలేదు. రసీదు అర్థం ఒక సంక్షిప్త లిపిని విప్పడంలో వచ్చిన తేడా వల్ల ప్రచారంలోకి వచ్చింది. శాశ్వతత్వం సంగతి గ్రంథంలో ఉండవచ్చు, విశ్వాసంలో ఉండవచ్చు. ఈ క్రియారూపంలో మాత్రం లేదు.

నేను వేదాంత కళాశాలలో కొత్త నిబంధన గ్రీకు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఏటా మార్చి వచ్చేసరికి ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. తొందరలో ఉన్నవారు పై పేరా చదివి ఆగిపోవచ్చు.

రూపం విడదీస్తే

తె + తెలెస్ + తై. మూడు ముక్కలు, ఒక్కొక్కటీ ఒక్కో సంగతి చెబుతుంది.

మధ్యలో ఉన్నది ప్రకృతి. క్రియ పేరు తెలెఓ, "ముగించు, నెరవేర్చు". అది తెలొస్ అనే నామవాచకం నుంచి వచ్చింది. తెలొస్ అంటే ముగింపు, గమ్యం, పరిపూర్తి. వేరే సందర్భంలో సుంకం, పన్ను. ఈ రెండో అర్థాన్ని గుర్తుపెట్టుకోండి, రసీదు గొడవ అంతా అక్కడి నుంచే వచ్చింది. గ్రీకులో -ఒస్ తో ముగిసే ఈ రకం నపుంసక నామాలు మన సకారాంత శబ్దాలకు దాయాదులు: నెఫొస్ మన నభస్, గెనొస్ మన జనస్, మెనొస్ మన మనస్. అంటే తెలొస్ ప్రకృతి తెలెస్-. వర్తమానంలో ఆ సకారం అరిగిపోయి తెలెఓ మిగిలింది. తకారం ముందు మాత్రం అది చెక్కుచెదరలేదు. తెతెలెస్తైలో వినిపించే "స్" ఎక్కడి నుంచి వచ్చిందని విద్యార్థులు అడిగేవారు. ఎక్కడి నుంచీ రాలేదు, మొదటి నుంచీ అక్కడే ఉంది.

ముందున్న "తె" ద్విత్వం. సంస్కృతంలో పరోక్ష భూతకాలానికి వాడే లిట్ లకారం మీకు గుర్తుండే ఉంటుంది: కృ ధాతువుకు చకార, భూ ధాతువుకు బభూవ. గ్రీకు పర్ఫెక్టూ అదే కుటుంబం. మొదటి హల్లు తీసుకుని దానికి "ఎ" చేర్చి ముందు పెడతారు: లుఓ నుంచి లెలుక, గ్రఫో నుంచి గెగ్రఫ, తెలెఓ నుంచి తెతెలెక. మహాప్రాణంతో మొదలైతే అభ్యాసంలో, అంటే ముందు చేరిన ఆ అక్షరంలో, అల్పప్రాణం వస్తుంది. ఫిలెఓకు పెఫిలేక, ఫెఫిలేక కాదు. మన బభూవ "భభూవ" కానట్టే.

చివరి "తై" ఆత్మనేపద ప్రథమ పురుష ఏకవచనం. ప్రథమ పురుష అంటే మన వ్యాకరణాల లెక్కలో "అతడు, ఆమె, అది". ఇంగ్లీషు పుస్తకాలు దీన్నే మూడో పురుష అంటాయి కాబట్టి ఇక్కడ తడబడకండి. ఈ -తై మన లభతే, భాషతేలలోని -తేకు సోదరి.

ఇప్పుడు అసలు విషయం. గ్రీకులో ఈ -తై వర్తమానంలో వచ్చే ప్రత్యయం. జరిగిపోయిన కాలానికి -తొ వస్తుంది. "అప్పటికే ముగిసి ఉండింది" అనాలంటే ఎతెతెలెస్తొ అంటారు: ముందు భూతకాలపు "ఎ", చివర -తొ. తెతెలెస్తైకి ఆ రెండూ లేవు. అంటే పర్ఫెక్టు భూతకాలం కాదు, వర్తమానమే. పని గతంలో జరిగింది, మాట్లాడుతున్నది మాత్రం ఇప్పటి స్థితి గురించి. పాఠ్యపుస్తకాల్లో "గతంలో పూర్తయి ఫలితం నిలిచి ఉన్న పని" అని చదివే సూత్రానికి పునాది ఈ ప్రత్యయమే. నేనైతే ఆ సూత్రం బట్టీ పట్టించడం కన్నా -తై, -తొ తేడా చూపించడం మేలని నమ్ముతాను.

సంస్కృతం చదివినవారికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాణిని "పరోక్షే లిట్" అన్నాడు, కళ్లారా చూడని గతం అని. రామో వనం జగామ (రాముడు అడవికి వెళ్లాడు) అంటే కథ చెప్పడమే, ఇప్పటి స్థితి ఏమీ లేదు. ఆ అలవాటుతో గ్రీకు పర్ఫెక్టును చూస్తే అర్థం తారుమారవుతుంది. రూపంలో చుట్టరికం ఉంది, అర్థంలో దారులు వేరయ్యాయి. కానీ వేదభాషకు వెళ్లండి, చుట్టరికం మళ్లీ కనిపిస్తుంది. హిరణ్యగర్భ సూక్తంలో "స దాధార పృథివీం ద్యాముతేమామ్" అంటే ఎప్పుడో ధరించాడని కాదు, భూమినీ ద్యులోకాన్నీ ధరించి ఉన్నాడని. "వేద" అనే రూపానికి "ఎరిగి ఉన్నాడు" అనే అర్థం. దానికి గ్రీకు జంట ఒయ్ద, అదీ "ఎరిగి ఉన్నాను" అనే వర్తమానమే. తెతెలెస్తైను జగామ పక్కన కాకుండా దాధార పక్కన పెట్టుకోండి.

తెలుగులో దీనికి మంచి సాధనం ఉంది. "తలుపు తెరిచారు" వేరు, "తలుపు తెరిచి ఉంది" వేరు. మొదటిది సంఘటన, రెండోది స్థితి. మన బైబిలు అనువాదకులు దీన్ని చక్కగా వాడుకున్నారు. మత్తయి 4:4లో గెగ్రప్తై అనే పర్ఫెక్టుకు "వ్రాయబడియున్నది" అన్నారు, "వ్రాయబడెను" అనలేదు. అయితే అన్నిచోట్లా ఇది పాటించలేదు. 1 కొరింథీయులు 15:3-4లో గ్రీకు ఇలా నడుస్తుంది: అపెథనెన్ (చనిపోయాడు), ఎతఫే (పాతిపెట్టబడ్డాడు), ఎగేగెర్తై (లేపబడి ఉన్నాడు). మొదటి రెండూ అయోరిస్టు, అంటే సంఘటనను సంఘటనగా చెప్పి ఊరుకునే భూతకాలం. మూడోది పర్ఫెక్టు. చావు, సమాధి జరిగిపోయాయి. లేవడం మాత్రం ఇప్పటి స్థితి. తెలుగులో మూడూ "-ఎను"తోనే ముగిశాయి కాబట్టి ఆ మెట్టు కనబడదు.

హోమర్‌లో ఇదే మాట

బైబిలు బయట ఈ మాట ఎలా ఉందో చూడకుండా అర్థం నిర్ణయించకూడదు. అదృష్టవశాత్తు సరిగ్గా ఇదే రూపం ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యం ఇలియడ్ 18వ సర్గ 74వ పాదంలో ఉంది. నాకు తెలిసినంతలో దీన్ని మించిన పాఠం లేదు.

సందర్భం ఇది. ట్రాయ్ యుద్ధంలో గ్రీకుల మేటి వీరుడు అకిలీస్‌కు అవమానం జరిగి యుద్ధం మానేశాడు. తన విలువ తెలిసేదాకా గ్రీకులు ఓడిపోవాలని, ఓడల దాకా తరిమివేయబడాలని సముద్రదేవత అయిన తల్లి థెటిస్ ద్వారా దేవతల రాజు జ్యూస్‌ను కోరుకున్నాడు. అలాగే జరిగింది. కానీ ఆ ఓటమిని చూడలేక అతని ప్రాణస్నేహితుడు పాట్రోక్లస్ యుద్ధానికి వెళ్లి చనిపోయాడు. అకిలీస్ నేల మీద పడి ఏడుస్తుంటే థెటిస్ సముద్రంలోంచి వచ్చి అంటుంది: ఎందుకేడుస్తున్నావు నాయనా, దాచకుండా చెప్పు, నువ్వు చేతులెత్తి కోరుకున్నవన్నీ జ్యూస్ వల్ల నీకు నెరవేరే ఉన్నాయి కదా. ఆ "నెరవేరి ఉన్నాయి" దగ్గర ఉన్న మాట తెతెలెస్తై.

అయిదు పాదాల తర్వాత కొడుకు జవాబు చెబుతాడు: అమ్మా, అవన్నీ ఒలింపస్ దేవుడు నెరవేర్చాడు, కానీ వాటి వల్ల నాకేం సుఖం, నా ప్రియమిత్రుడు పోయాడు. ఇక్కడ అకిలీస్ వాడిన మాట ఎక్సెతెలెస్సెన్. ధాతువు అదే, ముందు ఒక ఉపసర్గ చేరింది, రూపం అయోరిస్టు. తల్లి "నీ కోరిక తీరి ఉంది, చూసుకో" అంటుంది. కొడుకు "తీర్చాడులే" అని ఆ సంగతిని గతంలోకి తోసేస్తాడు. కవి ఈ తేడాను కావాలని చేశాడా, ఛందస్సు కోసం చేశాడా అని వాదించుకోవచ్చు. కానీ రెండు రూపాలు పక్కపక్కన ఎలా ధ్వనిస్తాయో వినడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

అక్కడే ఇంకో వ్యాకరణ విశేషం చూడండి. "అవన్నీ" బహువచనం, క్రియ ఏకవచనం. గ్రీకులో నపుంసక బహువచనం కర్తగా ఉంటే క్రియ ఏకవచనంలో ఉండటం సాధారణం. యోహాను 19:28లోనూ ఇదే వాక్యనిర్మాణం: పన్త తెతెలెస్తై, "సమస్తమూ నెరవేరి ఉంది". హోమర్‌కూ యోహానుకూ మధ్య ఎన్నో శతాబ్దాలు గడిచినా రూపం మారలేదు, నిర్మాణం మారలేదు, అర్థమూ పెద్దగా మారలేదు. థెటిస్ మాటను "నీ బాకీ చెల్లించబడింది" అని ఎవరైనా అనువదిస్తారా?

"శాశ్వతంగా" అనే మాట

పర్ఫెక్టు చెప్పేది మాట్లాడే క్షణంలో ఉన్న స్థితి. ఆ స్థితి రేపు ఉంటుందా, యుగయుగాలుంటుందా అన్నది రూపం చెప్పదు. దీనికి సాక్ష్యం యోహాను సువార్తలోనే ఉంది. 11:11లో చనిపోయిన లాజరు గురించి యేసు "మన స్నేహితుడైన లాజరు నిద్రిస్తున్నాడు" అంటాడు. గ్రీకులో అది కెకొయ్మేతై, ద్విత్వంతో, -తైతో, అచ్చంగా తెతెలెస్తై లాంటి పర్ఫెక్టు. వెంటనే ఏమంటాడు? అతన్ని మేలుకొలపడానికి వెళ్తున్నాను అంటాడు. పర్ఫెక్టు అంటే శాశ్వతం అయితే లాజరు సమాధిలోనే ఉండిపోవాలి.

"ఒక్కసారే" అని చెప్పాలనుకున్న రచయితకు గ్రీకులో వేరే మాట ఉంది: ఎఫపక్స్. హెబ్రీయులు 7:27, 9:12, 10:10లో అది కనిపిస్తుంది. మీరు శాశ్వతమైన అర్పణ గురించి చెప్పాలనుకుంటే నిక్షేపంగా చెప్పండి, కానీ హెబ్రీ పత్రిక తెరిచి చెప్పండి. ద్విత్వం నెత్తిన ఆ బరువు పెట్టకండి.

ఇంకో జాగ్రత్త. ఆ కాలపు వాడుక గ్రీకులో పర్ఫెక్టు నెమ్మదిగా అయోరిస్టులో కలిసిపోవడం మొదలైంది. ప్రకటన 5:7లో గొర్రెపిల్ల వచ్చి గ్రంథాన్ని "తీసుకున్నాడు" అనే చోట పర్ఫెక్టు ఉంది, అక్కడ కథ చెప్పడం తప్ప లోతైన అర్థం వెతకనక్కర్లేదు. 1989లో స్టాన్లీ పోర్టర్, 1990లో బ్యూయిస్ట్ ఫానింగ్ కొత్త నిబంధన గ్రీకు క్రియల మీద పెద్ద గ్రంథాలు వెలువరించినప్పటి నుంచి పర్ఫెక్టు స్వభావం మీద పండితుల మధ్య చర్చ నడుస్తూనే ఉంది. ఆ చర్చలో ఎవరు గెలిచినా "పర్ఫెక్టు అంటే శాశ్వతం" అనే పక్షం మాత్రం లేదు.

యోహాను మాత్రం ఈ రూపాన్ని తెలిసే వాడతాడు. అదే 19వ అధ్యాయం 22వ వచనం చూడండి. సిలువ మీది పలకను మార్చమని యాజకులు అడిగితే పిలాతు అంటాడు: హొ గెగ్రఫ, గెగ్రఫ. "రాసిందేదో రాసేశాను, అదిక అంతే." రెండూ పర్ఫెక్టులే. ఎనిమిది వచనాల తర్వాత తెతెలెస్తై. అధికారి నోటి నుంచి ఒకటి, అతను శిక్షించినవాడి నోటి నుంచి ఇంకొకటి. 30వ వచనంలో చుట్టూ ఉన్న క్రియలు కూడా చూడండి: ఎలబెన్ (పుచ్చుకున్నాడు), ఎయ్పెన్ (అన్నాడు), పరెదోకెన్ (అప్పగించాడు). అన్నీ అయోరిస్టులు, కథనం చకచకా నడుస్తుంది. వాటి మధ్య ఆ ఒక్క మాట పర్ఫెక్టులో ఆగి నిలుస్తుంది. వ్యాకరణం నుంచి ప్రసంగం తీయాలంటే నేను ఇక్కడి నుంచి తీస్తాను.

రసీదు సంగతి

కొంచెం ఓపిక పట్టండి, ఇది చరిత్ర.

ఈజిప్టు ఇసుకలో దొరికిన పాపిరస్ కాగితాలు పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట వేలకొద్దీ ప్రచురితమయ్యాయి. ఉత్తరాలు, కౌలు పత్రాలు, పన్ను రసీదులు. కొత్త నిబంధన గ్రీకు ఏదో దివ్యభాష కాదని, బజారు భాషేనని అప్పుడు తేలింది. ఆ ఉత్సాహంలో మౌల్టన్, మిలిగన్ అనే ఇద్దరు పండితులు పాపిరస్ ఆధారంగా ఒక పదకోశం తయారుచేశారు. 1914 నుంచి భాగాలుగా వచ్చి 1930లో ఒకే సంపుటి అయింది. ఈనాటికీ విలువైన పుస్తకమే. అందులో తెలెఓ కింద, రసీదులు తరచు ఈ మాటతో మొదలవుతాయని, సాధారణంగా దాన్ని కుదించి రాస్తారని ఒక వాక్యం ఉంది. ప్రసంగీకులు పట్టుకున్నది ఆ వాక్యాన్నే.

"కుదించి" అన్న చోటే కిటుకంతా ఉంది. ఆ కాగితాల మీద గుమాస్తా రాసింది "తెతెల్" వరకే. మిగతాది చదివేవారు పూరించుకోవాలి. ఇవి ఈజిప్టులోని ఫయూమ్ ప్రాంతంలో, సొక్నొపయు నేసొస్, ఫిలదెల్ఫియ లాంటి ఊళ్ల సుంకద్వారాల దగ్గర ఇచ్చిన చీటీలు. ఫలానా వ్యక్తి ఇన్ని గాడిదల మీద ఇంత ధాన్యం బయటికి తీసుకెళ్తున్నాడు, నూటికి ఒకటి, ఏబైకి ఒకటి చొప్పున సుంకం కట్టాడు అని వాటిలో ఉంటుంది. మన చెక్‌పోస్టులో లారీ డ్రైవరు చేతికిచ్చే చీటీ లాంటివన్నమాట. ఇలాంటి చీటీల మొదటి మాటను పాపిరస్ పండితులు ఇప్పుడు తెతెలోనేతై అని పూరిస్తారు. ఆ మాటను కుదించకుండా రాసిన చీటీలూ ఉన్నాయి. అది తెలెఓ రూపం కాదు. తెలోనెఓ అనే వేరే క్రియ, "సుంకం వసూలు చేయు". సుంకరికి గ్రీకు మాట తెలోనేస్, మత్తయి కూర్చున్న సుంకపు మెట్టు తెలోనియొన్, అన్నీ ఆ కుటుంబం. ద్విత్వం ఉంది కాబట్టి తెతెలోనేతై కూడా పర్ఫెక్టే: "సుంకం కట్టబడి ఉంది, పోనివ్వు".

సరే, వాదన కోసం ఆ చీటీల మీద తెతెలెస్తైయే ఉందనుకుందాం. అయినా అది అప్పు తీరిన పత్రం కాదు, దారిసుంకం చీటీ. దాని నుంచి "పాపపు రుణం తీరింది" దాకా రావడానికి చాలా పెద్ద దూకుడు కావాలి.

తెలెఓకు "చెల్లించు" అనే అర్థం అసలు లేదా? ఉంది. మత్తయి 17:24లో మీ బోధకుడు అరషెకెలు (దేవాలయపు పన్ను) చెల్లించడా అని అడిగేటప్పుడు ఇదే క్రియ. రోమా 13:6లో పన్నులు చెల్లించే చోట ఇదే క్రియ. కానీ ఆ రెండుచోట్లా పక్కన పన్ను పేరు ఉంది. తెలొస్‌కున్న "సుంకం" అర్థం అక్కడ పైకి వస్తుంది. పక్కన పన్ను మాట లేకుండా ఊరికే తెలెఓ అంటే వినేవాడికి "ముగించడం" అనే తోస్తుంది. లూకా 18:31లో ప్రవక్తలు రాసినవన్నీ నెరవేరుతాయి అన్నప్పుడు తెలెస్థేసెతై, ఇదే క్రియ, కర్త కూడా "అన్నీ". 2 తిమోతి 4:7లో పౌలు "నా పరుగు కడముట్టించితిని" అన్నప్పుడు తెతెలెక, ఇదే క్రియకు కర్తరి పర్ఫెక్టు. పౌలు పరుగుకు డబ్బు కట్టాడని ఎవరూ అనరు కదా.

చోద్యమేమిటంటే, నిజంగా రసీదు భాష కొత్త నిబంధనలో ఉంది, ఎవరూ ప్రసంగించరు. అపెఖో అనే మాట, "పూర్తిగా అందుకున్నాను" అని రసీదుల మీద రాసేది. మత్తయి 6:2లో మనుష్యుల ముందు బూర ఊదించుకుని దానం చేసేవారు "తమ ఫలము పొందియున్నారు" అన్న చోట అదే మాట. అంటే వాళ్ల ఖాతా అక్కడికి చెల్లు, ఇంక పైనుంచి రావలసింది ఏమీ లేదు. ఫిలిప్పీ 4:18లో పౌలు తనకు పంపిన కానుకకు దాదాపు రసీదే రాసిస్తాడు. అడాల్ఫ్ డైస్‌మన్ అనే జర్మన్ పండితుడు 1908లోనే ఈ సంగతిని కుండపెంకుల మీద రాసిన రసీదులతో చూపించాడు.

గొర్రెపిల్లను పరీక్షించిన యాజకుడు తెతెలెస్తై అనేవాడని, చిత్రం పూర్తిచేసిన చిత్రకారుడు అనేవాడని, పని ముగించిన దాసుడు యజమానితో అనేవాడని కూడా మీరు విని ఉంటారు. చెప్పినవారిని ఒక్క పాపిరస్ నెంబరో, ఒక్క గ్రంథంలోని పుటో చూపమని అడగండి. నేను అడుగుతూ వచ్చాను. ఇంకో ప్రసంగాన్ని చూపించారు. పని ముగిస్తే ఎవరైనా "ముగిసింది" అనే అంటారు, అంతమాత్రాన అది వారి వృత్తి పరిభాష అయిపోదు.

మరి ఏం ముగిసింది?

30వ వచనంలో కర్త లేదు. ఒంటరి క్రియ. అందుకే అందరూ తమకు నచ్చిన కర్తను తెచ్చి కూర్చోబెడతారు. కానీ యోహాను రెండు వచనాల ముందే కర్తను ఇచ్చాడు: "సమస్తమును అప్పటికి సమాప్తమైనదని యేసు యెరిగి". కొత్త నిబంధన మొత్తంలో తెతెలెస్తై ఈ రెండుచోట్లే ఉంది, 28లో, 30లో. తెలుగు అనువాదకులు రెండుచోట్లా ఒకే మాట వాడటం వల్ల ఈ బంధం మన భాషలో చెడకుండా ఉంది. 28లో ఆయన మనసులో ఎరిగింది 30లో నోటితో వస్తుంది. ఆ "సమస్తం" ఏమిటంటే, 4:34లో తండ్రి పని తుదముట్టించడమే నా ఆహారం అన్నాడు, 17:4లో నువ్విచ్చిన పని నెరవేర్చాను అన్నాడు. అక్కడ వాడింది తెలెఓకు దగ్గరి చుట్టమైన తెలెయొఓ. 13:1లో తనవారిని "అంతము వరకు" ప్రేమించాడు అన్నప్పుడు తెలొస్ అనే నామవాచకమే ఉంది. ఈ దారం పట్టుకుని నడిస్తే మీకు రసీదు అవసరమే రాదు.

ఎవరు ముగించారు? రూపంలో దానికి జవాబు లేదు. పర్ఫెక్టులో ఆత్మనేపదానికీ కర్మణికీ గ్రీకులో ఒకే రూపం. "ముగించబడింది" అనవచ్చు, "ముగిసింది" అనవచ్చు. థెటిస్ మాటలో "జ్యూస్ వల్ల" అని ఉంది. యోహానులో అలాంటిదేమీ లేదు. "చేయబడినది" అని సాగదీయకుండా "సమాప్తమైనది" అన్న మన అనువాదకుల చెవిని మెచ్చుకోవాలి.

ఒక్క మినహాయింపు మాత్రం మరువకండి. యేసు సిలువ మీద గ్రీకులో మాట్లాడి ఉంటాడని చాలామంది పండితులు అనుకోరు. ఆనాటి యూదుల వాడుక భాష అరామిక్ అయి ఉండాలి. అంటే ఈ పర్ఫెక్టు యోహాను ఎంపిక. "ఆయన పర్ఫెక్ట్ కాలంలో పలికాడు" అనకండి, "యోహాను పర్ఫెక్టులో రాశాడు" అనండి.

అప్పు గురించే చెప్పాలని మీ మనసులో గట్టిగా ఉంటే కొలొస్సయి 2:14కు వెళ్లండి. మన మీద రుణంగా ఉన్న పత్రాన్ని మేకులతో సిలువకు కొట్టాడు అని అక్కడ నేరుగానే ఉంది. ఆ పత్రానికి గ్రీకు మాట ఖెయ్రొగ్రఫొన్, చేవ్రాత. అచ్చంగా మన ప్రోనోటు: అప్పు తీసుకున్నవాడు తన చేత్తో రాసిచ్చింది. మనం బాకీ తీరాక నోటు మీద చెల్లు రాయించుకున్నట్టు, వాళ్లు పత్రం మీద అడ్డంగా గీతలు కొట్టేవారు. క్రీ.శ. 85 నాటి ఒక ఈజిప్టు విచారణ పత్రంలో, ఆ చేవ్రాతను కొట్టివేయమని అధికారి ఆజ్ఞాపించడం ఉంది. మీ సభలో కూర్చున్న ప్రతివాడికీ ప్రోనోటు అంటే ఏమిటో తెలుసు. మాట ఉన్నచోట మాట చెప్పండి.

ఉచ్చారణ కూడా అడిగారు. ఇంగ్లీషు నుంచి వచ్చిన "టెటెలెస్టాయ్" వద్దు. గ్రీకు త మన త, ట కాదు. మూడు ఎకారాలూ హ్రస్వాలు. తెలుగులో హ్రస్వ ఎకారం ఉండటం మన అదృష్టం. రెండో అక్షరం మీద స్వరం కాస్త లేపండి: తెతె́లెస్తై అన్నట్టు. యోహాను నాటికి చివరి "తై" చాలామంది నోట "తె"గా మారిపోయింది, ఈనాటి గ్రీకులూ అలాగే అంటారు, కాబట్టి తెతెలెస్తె అన్నా ఎవరూ తప్పుపట్టరు. అసలు గ్రీకు మాట పలకకుండా "సమాప్తమైనది" అని మాత్రమే చదివినా మీ పది నిమిషాల ప్రసంగానికి లోటు లేదు. చదివేటప్పుడు మాత్రం 30 నుంచి కాకుండా 28 నుంచి మొదలుపెట్టండి.